బడి వ్యాను దారిలో గెలల లారీ

హెవీ లైసెన్సు చేతికొచ్చిన రోజు మనిషికి రోడ్లన్నీ తన కోసమే వేశారనిపిస్తుంది. మర్నాటి నుంచి యార్డుల వెంట తిరగడం మొదలవుతుంది. ఏ యార్డుకు పోయినా అడిగేది ఒక్కటే: "ఇంతకు ముందు ఏ బండి తోలినవ్?" తోలినవాడికే బండి ఇస్తారు, బండి ఇస్తేనే కదా తోలేది. ఈ చిక్కు మీలో చాలామందికి తెలిసిందే. మా ఇంటికొచ్చి, టీ తాగి, ఆ మాటా ఈ మాటా చెప్పి, చివరికి గడప దగ్గర నిలబడి "యాడన్న లోకల్‌ల చెప్పి పెట్టియ్యి మామా" అని నసిగే కుర్రాళ్లు నాకు వారానికి ఒకరైనా తగులుతున్నారు.

మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. లైన్ బండి, అంటే రాయపూర్‌కో విశాఖకో పోయే దూరపు లారీ, కొత్తవాడికైనా దొరుకుతుంది. డ్రైవర్ల కరువు అలా ఉంది. దొరకనిది లోకల్ బండే. పొద్దున పోయి పొద్దుగూకేలోపు ఇంటికి చేరే పని కాబట్టి దొరికినవాడు వదలడు. పైగా లోకల్ అంటే తేలిక అని మీరంతా అనుకుంటారు. హైవే మీద లారీని ఎవరైనా నడుపుతారు. తోటలోకి వెనక్కి పెట్టడం, పశువుల కొట్టానికీ బోరింగుకూ మధ్యలోంచి బయటికి లాగడం, అద్దంలో కనబడని రైతుతో మాట పడకుండా రావడం, అదీ పని. అందుకే లోకల్ యార్డుల వాళ్లు అనుభవం అడుగుతారు. వాళ్లది తప్పు కాదు.

నేను చండ్రుగొండ దగ్గర ఒక యార్డులో చాలా ఏళ్లు లారీ నడిపాను. మోకాళ్లు మొరాయించాక అక్కడే సూపర్‌వైజర్‌గా కూర్చుని, రిటైరయ్యాను. మా బండ్లది పామాయిల్ గెలల పని. తోటల్లో కోసిన గెలలు ఎత్తుకుని ఫ్యాక్టరీలో దించాలి. కోసిన మర్నాటికల్లా గెల ఫ్యాక్టరీలో పడకపోతే నూనె నాణ్యత చెడుతుంది, రైతు మా గేటు ముందుకొచ్చి మా వంశాలన్నీ తలుచుకుంటాడు. ఈ కథకు ఆ ఒక్క సంగతి తెలిస్తే చాలు. ఇంజన్ల సంగతులు చెప్పి మిమ్మల్ని విసిగించను.

మా యార్డు యజమాని ఒక పెద్దావిడ. భర్త పోయాక లారీలు అమ్ముకుంటుందని చుట్టుపక్కల వాళ్లంతా బేరాలకు సిద్ధపడ్డారు. అమ్మలేదు సరికదా ఇంకో రెండు కొన్నది. డ్రైవర్లు, మెకానిక్కులు, గుమాస్తా అందరూ ఆవిణ్ణి పెద్దమ్మ అనేవాళ్లు. గేటు పక్కన రేకుల షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎవరినీ గట్టిగా తిట్టేది కాదు. మాట్లాడటం ఆపేసేది. అది తిట్టుకంటే చెడ్డది, నాకు అనుభవం.

కొత్త డ్రైవర్‌ను పెట్టుకునే ముందు మూడు ట్రిప్పులు తోలించి చూడటం ఆవిడ పద్ధతి. ఎడమ వైపు సీట్లో సూపర్‌వైజర్ కూర్చోవాలి. నోరు తెరవకూడదు. "నువ్వు నోరు తెరిస్తే బండి నువ్వు తోలినట్టే, వానికేమొచ్చో నాకెట్ల తెలుస్తది?" అనేది. నోరు మూసుకుని కూర్చోవడం నాకెంత కష్టమో మా ఇంటావిణ్ణి అడిగితే చెబుతుంది. కానీ పెద్దమ్మ మాట. ఎందరినో అలా మౌనంగా చూశాను. కొందరు బాగా నడిపారు, కొందరు బాగా మాట్లాడారు.

ఒక వానాకాలం మొదట్లో నలభై దాటిన మనిషి ఒకడు పని కోసం వచ్చాడు. సన్నగా, నూనె రాసిన తలతో, ఇస్త్రీ చొక్కాతో, లారీ పనికి వచ్చినవాడిలా లేడు. గేటు దగ్గర నన్ను ముందు కలిశాడు. సంగతి అంతా చెప్పాడు. అతను చాలా ఏళ్లు ఒక ప్రైవేటు బడికి వ్యాను నడిపాడు. గూడేల నుంచి, తండాల నుంచి పిల్లల్ని తీసుకెళ్లి మళ్లీ దింపేవాడు. పిల్లలు తగ్గిపోయి బడి మూతపడింది. వ్యాను అమ్మేశారు. తర్వాత హెవీ లైసెన్సు తీసుకున్నాడు. లారీ అనుభవం అంటే నేర్చుకున్నప్పటిది, ఆ తర్వాత కొద్ది రోజులు ఎవరిదో ఇసుక లారీ మీద చేసినది, అంతే. భార్యకు కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు పొద్దున్నే కొత్తగూడెం దవాఖానాకు డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. అందుకే దూరపు బండి ఎక్కలేడు. లోకల్ దొరకకపోతే భార్యను ఎవరి మోటారు సైకిల్ మీద పంపాలో అతనికి తెలియదు.

"దవాఖానా సంగతి లోపల చెప్పకు. ముందు పనిలో చేరు, నాలుగు దినాలైనంక మెల్లగ చెప్పొచ్చు" అన్నాను. లోకం తెలిసినవాడిగా ఇచ్చిన సలహా అది. మీకైనా అదే చెప్పేవాణ్ణి.

అతను తల ఊపి లోపలికి పోయి, పెద్దమ్మ ముందు నిలబడి మొదటి మాటగా అదే చెప్పాడు.

"రోజు విడిచి రోజు పొద్దుగాల నేను రాలేనమ్మా. నా ఇంటామెకు డయాలసిస్. దవాఖానాల ఇడిసినంక ఎంత సేపైనా చేస్త."

షెడ్డులో టీ తాగుతున్న మా డ్రైవర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దమ్మ అతన్ని కింద నుంచి పై దాకా చూసింది.

"ఏం బండి తోలినవ్?"

"బడి వ్యాను."

ఒక డ్రైవర్‌కు టీ పొలమారింది. పెద్దమ్మ అటు చూడలేదు.

"మూడు ట్రిప్పులు తోలు. గప్పుడు చూద్దాం" అంది.

ఆ సాయంత్రానికి అతనికి హెడ్మాస్టరు అని పేరు పడింది. పేరు పెట్టడంలో మా యార్డు చురుకైనది. అతను ఆ పేరుకు పలికేవాడు కూడా, నవ్వుతూ.

మొదటి ట్రిప్పులో నేను నవ్వు ఆపుకోవడానికే కష్టపడ్డాను. బండి కదిలించే ముందు దిగి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవాడు. ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గర వెనక పిల్లలు తలలు కొట్టుకుంటారన్నంత మెత్తగా బ్రేకు వేసేవాడు. ముళ్ల గెలలు తలలు కొట్టుకుంటే ఎవరికి నష్టం? లోడు ఎత్తుకున్నాక యార్డుకు ఫోన్ చేసి "బయల్దేరినమండి" అని చెప్పాడు. మా గుమాస్తా హడలిపోయాడు. డ్రైవర్ దగ్గర నుంచి ఫోన్ వచ్చిందంటే ఏదో మునిగిందని మా దగ్గర అర్థం. "ఏమైంది, ఏమైంది" అని గుమాస్తా అరుస్తుంటే, "ఏం కాలేదండి, బయల్దేరినం, గంతే" అని ఇతను. ఫ్యాక్టరీకి అందరికంటే చివర చేరాం.

రెండో ట్రిప్పులో ఒక తోట గేటు స్తంభానికి మా బంపరు రాసుకుంది. వ్యాను మలుపు వేరు, లారీ మలుపు వేరు. అతని చెయ్యి ఇంకా వ్యాను మలుపే తిప్పుతోంది. చిన్న గీత, అంతే. యార్డుకు వచ్చాక ఒక సీనియర్ డ్రైవర్ జాలిపడి పక్కకు పిలిచాడు. గీత పడ్డచోట నాలుగు వేళ్లతో బురద పూస్తే చాలు, వానాకాలం కాబట్టి ఎవరూ గుర్తుపట్టరు, రెండు మూడు రోజులు పోయాక అది పాత గీత అవుతుంది. మా యార్డులో ఇది అందరికీ వచ్చిన వైద్యం. ఏ బండి ముందు భాగమైనా కడిగితే మా చరిత్ర అంతా బయటపడేది.

హెడ్మాస్టరు ఆ మాటలు శ్రద్ధగా విని, "అట్లనా అన్నా" అని, బంపరును బట్టతో శుభ్రంగా తుడిచి బండిని షెడ్డు ముందే నిలబెట్టాడు.

పెద్దమ్మ లేచి వచ్చి గీత చూసింది. "ఇంకొక్క ట్రిప్పు ఉన్నది. ఈసారి ఏమన్న అయితే ఇగ నా దగ్గరికి రాకు" అంది. అతను తల వంచుకుని "సరే పెద్దమ్మా" అన్నాడు. ఆ తర్వాతి రోజు దవాఖానా రోజు. ఆ మర్నాడు మూడో ట్రిప్పు.

ఆ రోజు పొద్దున వాన పడి ఆగింది. అడవి అంచున ఉన్న ఒక తోటలో గెలలు ఎత్తుకుని బయల్దేరేసరికి పడమటి వైపు ఆకాశం మళ్లీ నల్లబడుతోంది. పెద్ద రోడ్డు మీద ఒకచోట వంతెన పని జరుగుతోంది. పక్కనుంచి మట్టితో దారి వేశారు. ఆ మట్టి దారిలో జామాయిల్ కర్ర లారీ ఒకటి ఇరుసు దాకా దిగిపోయి ఉంది. దాని వెనక బస్సులు, ట్రాక్టర్లు, కార్లు కనుచూపు మేర ఆగిపోయాయి. జేసీబీ కోసం కబురు పంపారట. జేసీబీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

హెడ్మాస్టరు నా వైపు చూశాడు. నేను కిటికీ బయటికి చూశాను. మాట్లాడకూడదు కదా.

"అన్నా, ఇంకో తోవ ఉన్నది. గూడెం మీంచి పోయి ముందట పెద్ద రోడ్డు ఎక్కొచ్చు. దినాం రెండు పూటలు తోలిన తోవ" అన్నాడు. వెనక్కి తీసి, పక్క దారిలోకి తిప్పాడు.

ఆ దారి నాకు తెలియదు. ఈ ప్రాంతంలో నేను పోని దారి లేదని పొగరుగా చెప్పుకునేవాణ్ణి. లారీలు పోయే దారులే నాకు తెలుసని ఆ రోజు అర్థమైంది. అతను మాత్రం తన పెరట్లో తిరుగుతున్నట్టు పోయాడు. ఏ మలుపు దగ్గర హారన్ కొట్టాలో, ఎక్కడ కొట్టకుండా మెల్లగా పోవాలో అతని చేతులకే తెలుసు. "గిక్కడ కోళ్లు అడ్డమొస్తయి" అంటే నిజంగా కోళ్లు వచ్చేవి. మేకలు కాస్తున్న ముసలాయన చెయ్యెత్తి పలకరించాడు. బోరింగు దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లు లారీలోకి తొంగి చూసి, "వ్యాను మామా, బడి మళ్ల పెట్టిండ్రా?" అని అడిగి, వాళ్లలో వాళ్లు కోయ భాషలో ఏదో అనుకుని నవ్వారు. రెండు ట్రిప్పులుగా నేను చూసిన తడబాటు అతనిలో లేదు. నాకు ముచ్చటేసింది. ఈ ట్రిప్పు గట్టెక్కితే పెద్దమ్మకు నేనే గట్టిగా చెప్పాలనుకున్నాను.

తర్వాత చెట్ల కొమ్మలు లారీ నెత్తి మీద బరబరా గీరుకోవడం మొదలైంది. వ్యానుకు ఆ కొమ్మలు ఎప్పుడూ తగిలి ఉండవు. అతను ఒకసారి పైకి చూశాడు. వేగం తగ్గించాడు. ముందు ఒక చిన్న వాగు, దాని మీద తూము కనబడగానే బండి ఆపేశాడు.

దిగిపోయి తూము కిందికి వంగి చూశాడు. సిమెంటు గొట్టాలు వేసి పైన మట్టి పోసిన పాత తూము అది. పక్క గోడ బీటలు వారి ఉంది. అతను అటు వైపు పోయి చూశాడు, ఇటు వైపు వచ్చి చూశాడు. తిరిగి నా కిటికీ దగ్గరకు వచ్చాడు.

"అన్నా, తప్పు చేసిన."

నేను నా మౌనవ్రతాన్ని అక్కడే వదిలేశాను. "ఏందది?"

"గీ తూము మీద నా వ్యాను ఏండ్లకేండ్లు పోయింది. లోడు లారీ పోదు. తోవ ఎరికే అనుకున్న గని, నాకు ఎరికైంది వ్యాను తోవ."

తూముకు అవతల, ఎంతో దూరం లేదు, పెద్ద రోడ్డు మీద పోయే బస్సు నెత్తి కనబడుతోంది. నిజం చెబుతున్నాను, నేనైతే దేవుడి మీద భారం వేసి దాటించేవాణ్ణి. పాత తూములు ఒక్కోసారి ఆగుతాయి. ఆ మాటే అన్నాను.

"దవాఖానా దిక్కు తోవ ఇదే. ఇది కూలితే వానాకాలమంత గీ గూడెపోళ్లకు అంబులెన్సు రాదన్నా" అన్నాడు. "పేషెంటును పెట్టుకుని బండి కోసం చూసుడు ఎట్లుంటదో నాకు తెలుసు. నేను దాటియ్య."

ఇక వెనక్కే పోవాలి. సన్నని దారి, రెండు వైపులా వానకు నానిన మట్టి. అతను ప్రయత్నించాడు. కొద్ది దూరం పోయేసరికి వెనక ఎడమ చక్రం అంచు దాటి మెత్తగా దిగిపోయింది. లారీ ఒరిగి ఆగింది. ముందుకు తూము, వెనక బురద. అతను ఇంజన్ ఆపి, జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఎవరికి?" అన్నాను.

"పెద్దమ్మకు."

అతని చెయ్యి పట్టుకున్నాను. "ఆగు. ఇది మూడో ట్రిప్పు, యాదున్నదా? ముందు ఎట్లనో అట్ల బయటపడదాం. తర్వాత ఏం చెప్పాలో ఆలోచిద్దాం."

ఇది నా ఒక్కడి తెలివి కాదు. మా వృత్తిలో పుట్టిన తెలివి. బండి ఇరుక్కుంటే ముందు మనకు మనమే తంటాలు పడతాం, తర్వాత తెలిసిన డ్రైవర్‌ను పిలుస్తాం, ఆ తర్వాత ఊళ్లో ట్రాక్టర్ వాణ్ణి బతిమాలతాం. యజమానికి చెప్పడం అన్నిటికంటే చివర. అప్పటికి రోడ్డే కుంగిందో, ఎదురుగా గేదే వచ్చిందో, ఒక కథ తయారవుతుంది.

అతను నా చెయ్యి మెల్లగా తీశాడు.

"వ్యాను ఆగిపోతే బానెట్ ఎత్తకముందే తల్లిదండ్రులకు ఫోన్ చేసెటోణ్ణి అన్నా. పిల్లగాండ్లు ఇంటికి రాకపోతే వాళ్ల పానం ఎట్ల కొట్టుకుంటదో ఒకసారి చూసిన. బండి ఎవరిదైతే వాళ్లకు ముందు తెల్వాలె గదా."

ఫోన్ చేశాడు. ఏడవలేదు, నసగలేదు.

"పెద్దమ్మా, బండి ఇరికింది. నేనే ఇరికించిన. సూపర్‌వైజరన్న చెప్పలే, నేనే ఈ తోవకు తిప్పిన. మనుషులకు ఏం కాలే. గెలలు మంచిగనే ఉన్నయి. వెనక ఎడమ టైరు దిగింది. ముందల తూము ఉన్నది, దాని మీద పోతలేను." తర్వాత గూడెం పేరు చెప్పి, ఎటు నుంచి రావాలో చెప్పాడు. ఆమె ఏమందో నాకు వినబడలేదు. అతను ఫోన్ జేబులో పెట్టుకుని, "ఈడనే ఉండమన్నది" అన్నాడు. ఉద్యోగం పోయిందని అతనికి తెలుసు, నాకూ తెలుసు. అయినా అన్నీ ఒక వరుసలో చెప్పాడు, తన తప్పు మొదట, బండి సంగతి తర్వాత. అంత కాలం స్టీరింగు పట్టుకున్న నేను అలాంటి ఫోన్ ఒక్కటి చేసి ఎరగను. ఆ క్షణాన ఆ మనిషి మీద నాకు కలిగింది జాలి కాదు, గౌరవం.

ట్రాక్టర్ కోసం గూడెంలోకి పోయాడు, వెనకే నేనూ. అక్కడ అతనికి దండలు వేస్తారని నేను అనుకోలేదు కానీ, అంత తిట్లు కూడా అనుకోలేదు. ఒక ముసలామె చేటలో బియ్యం పట్టుకునే మా వెంట లారీ దాకా వచ్చింది. తూమును చూసింది, లారీని చూసింది.

"మా పోరలను తోలుకపోయినప్పుడు బుద్ధి మంచిగుండె గదా, ఇప్పుడేమైంది నీకు?" అంది. "ఆ తూము ఇరిగితే నువ్వు కట్టిస్తవా? మేమెట్ల పోవాలె?"

"దాటియ్య అవ్వా. వెనుకకే తీసుకపోత" అన్నాడు.

"తీసుకపోతవ్. ఎవ్వరు గుంజుతరు, నేనా?"

ఆమె తిట్టింది కానీ మనవడిని పంపింది కూడా ఆమే. ఆ మనవడు, ఇంకో నలుగురైదుగురు కుర్రాళ్లు, ఒక ట్రాక్టర్. అందరూ ఒకప్పుడు అతని వ్యానులో బడికి పోయినవాళ్లే. ఒకడు లారీ చక్రం చూసి నవ్వాడు. "మామా, నీ వ్యానుల నేను దినాం వాంతి చేసుకునేటోణ్ణి, యాదున్నదా? ఒక్కనాడన్న కొట్టలే నువ్వు. పా, గెలలు దించుదాం."

పామాయిల్ గెల చేత్తో పట్టుకుంటే ఎలా ఉంటుందో చెప్పాలి. నిండా ముళ్లు, ఒక్కొక్కటి మోయలేని బరువు. తోటల్లో ఇనుప ఊచలతో గుచ్చి ఎత్తుతారు. మా దగ్గర ఉన్నవి రెండే ఊచలు. మిగతావాళ్లు గోనె సంచులు చేతులకు చుట్టుకున్నారు. లారీలోంచి ట్రాక్టర్‌లోకి, ట్రాక్టర్ నిండితే వెనక కళ్లం దగ్గర గట్టి నేల మీదికి. హెడ్మాస్టరు ఇస్త్రీ చొక్కా విప్పి సీటు మీద పెట్టి, బనీనుతో అందరికంటే ఎక్కువ మోశాడు. నా మోకాళ్ల వల్ల నేను అరుపులు మాత్రం అరిచాను.

అంతలో పెద్దమ్మ వచ్చింది. యార్డు ట్రాలీ ఆటోలో ముందు కూర్చుని, వెనక కర్ర దిమ్మెలు, మోకులు, ఇద్దరు మెకానిక్కులు. దారిలోనే ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, మా లోడు ఆలస్యంగా వస్తుంది, గేటు మూయొద్దని మాట తీసుకుందట. తూము దగ్గరకు పోయి చూసి వచ్చింది. అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకపోవడం అంటే ఏమిటో ముందే చెప్పాను.

చక్రం కింద దిమ్మెలు పెట్టారు. లారీ తేలికపడింది. ఇక కళ్లం దాకా వెనక్కి తీసి తిప్పాలి. అలవాటుగా నేను డ్రైవర్ తలుపు వైపు నడిచాను. అందరూ అదే అనుకున్నారు.

"నువ్వెందుకు?" అంది పెద్దమ్మ. "ఇరికించినోడే తియ్యాలె."

అతను చేతులు తుడుచుకుని ఎక్కాడు. కుర్రాళ్లు ఇద్దరు అటు, ఇద్దరు ఇటు నిలబడ్డారు. "రా మామా, రా, రా, ఆగు, కుడికి, ఇంకొంచెం." మెల్లగా, మెల్లగా. మధ్యలో ఆపి దిగి చూశాడు, మళ్లీ ఎక్కాడు. మళ్లీ దిగాడు. మా యార్డులో అయితే ఈపాటికి ఈలలు వేసేవాళ్లం. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. ముసలామె కూడా చేట రెండు చేతులా పట్టుకుని చూస్తూ నిలబడింది. మలుపు దగ్గర అతని చేతులు ఒకసారి వ్యాను మలుపు తిప్పబోయి ఆగడం నేను చూశాను. ఆగి, లారీ మలుపు తిప్పాడు. అక్కడ నేర్చుకున్నాడు ఆ మనిషి లారీ. నా కళ్ల ముందు.

కళ్లంలో గెలలు మళ్లీ ఎత్తుకుంటుండగా వాన మొదలైంది. మొదలవడమే కుండపోత. మేము లోడు కట్టి బయల్దేరేసరికి, ఇందాక లారీ ఒరిగి నిలబడ్డ చోట వాగు నీళ్లు దారి మీదికి వచ్చేశాయి. నా తెలివి ప్రకారం ఫోన్ చేయకుండా తంటాలు పడుతూ ఉంటే, ఆ లారీ ఆ నీళ్లలో ఉండేది. గెలలు, బండి, బహుశా తూము కూడా పోయేవి. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. నేను మాత్రం లోపల అనుకున్నాను, ఒకటికి రెండుసార్లు.

వంతెన దగ్గర దారి అప్పటికి తెరుచుకుంది. ఫ్యాక్టరీలో చివరి బండి మాదే. గెలలు దించి యార్డుకు వచ్చేసరికి పొద్దు గూకుతోంది. డ్రైవర్లంతా షెడ్డులోనే ఉన్నారు. ఇంటికి పోకుండా ఎందుకున్నారో వేరే చెప్పక్కర్లేదు. హెడ్మాస్టరు బండి తుడిచి, చొక్కా తొడుక్కుని, తాళంచెవి తీసుకొచ్చి పెద్దమ్మ ముందు బల్ల మీద పెట్టాడు.

"పోయొస్త పెద్దమ్మా. ఇబ్బంది పెట్టిన."

ఆవిడ తాళంచెవిని ముట్టుకోలేదు. షెడ్డులో ఉన్న మా అందరి వైపు చూసింది, ఒక్కొక్కరినీ.

"ఇన్నేండ్లల్ల నా బండి ఎన్నిసార్లు ఇరికిందో వీళ్లకు తెలుసు. నాకు మాత్రం టీ కొట్టాయన చెప్తే తెలిసేది, లేకపోతే పోలీసాయన చెప్తే తెలిసేది. ఇరికించినోడు ఫోన్ చేసి నేనే ఇరికించిన అని చెప్పుడు ఇదే మొదలు."

సీనియర్ డ్రైవర్ ఒకాయన ఖాళీ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నేను తడిసిన చెప్పులు విప్పి పక్కకు పెట్టుకునే పనిలో పడ్డాను.

"బండి తోలుడు ఇంకా రావాలె నీకు" అంది అతనితో. "మలుపులు నేర్చుకో. ఈయన ఖాళీగనే కూసుంటడు, నేర్పుతడు." ఈయన అంటే నేను. "రేపు మీ ఇంటామెకు దవాఖానా ఉన్నదా?"

"అవ్ పెద్దమ్మా."

"ఎప్పుడు ఇడుస్తరు?"

"పొద్దుగాల పోతే పగటికి ఇంటికి తోలుకొస్త."

"దవాఖానా ఉన్న దినాలు పగటాల లోడు ఎత్తు. లేని దినాలు పొద్దుగాల్నే రా. తాళం తీసుకో."

అతను వెంటనే తీసుకోలేదు. రెండు చేతులూ పక్కలకు వేలాడేసి నిలబడ్డాడు. అరచేతుల నిండా ముళ్ల గీతలు. తర్వాత తాళంచెవి తీసుకుని, పెద్దమ్మకు దండం పెట్టి, "ఆమెకు చెప్పొస్త" అని గేటు దగ్గరకు పోయి ఫోన్ తీశాడు. ముందు రోజు డయాలసిస్ నీరసంతో పడుకున్న భార్య అప్పుడే లేచి కూర్చుని ఉంటుందేమో, గొంతు తగ్గించి మాట్లాడాడు. అయినా షెడ్డు దాకా వినబడింది. లారీ ఇరికించిన సంగతి చెప్పాడు. తూము సంగతి, గూడెం అవ్వ తిట్టిన సంగతి చెప్పాడు. అంతా అయ్యాక, ఉద్యోగం వచ్చిందని చెప్పాడు.